కొత్త ఇంటి ఖర్చులు, కార్డు బాకీ: ఏది ముందు తేల్చాలి?

ఈమధ్యే కొత్త ఇంట్లోకి మారాం. కర్టెన్లు, బల్బులు, బకెట్లు... ఒకటి కొన్నాక ఇంకోటి గుర్తొస్తోంది. పెద్ద వస్తువులకంటే ఈ చిల్లర సామానే ఎక్కువ లాగేస్తోంది!

ఈసారి క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేం. మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కడితే లేట్ ఫీజు తప్పుతుంది గానీ, మిగతా బాకీ మీద వడ్డీ పడుతుంది, కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది. అందుకే ఆ కార్డు వాడటం ఆపేశాం.

బాకీని ఈఎంఐగా మార్చుకోవడం మేలా, అత్యవసరానికి దాచిన డబ్బుతో కట్టేయడమా? ఈఎంఐ అంటే వడ్డీకి తోడు ప్రాసెసింగ్ ఫీజు. దాచింది తీసేస్తే, రేపు ఏ పైపో లీకైతే ఎలా అని టెన్షన్. సోఫా, డైనింగ్ టేబుల్ ఇంకా కొననేలేదు. ఈ దశ దాటినవాళ్లు ఏవి వాయిదా వేశారు, నెలకు ఇంతే అని ఎలా గీత గీసుకున్నారు?