వైద్యులతో కలిసి ఫిజియోథెరపీ కేంద్రంలో వాటా తీసుకోవడం సరైనదేనా?

సంధిబంధం:
నేను అమెరికాలో సొంతంగా ఒక ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. ఎముకల శస్త్రవైద్యుల బృందం ఒకటి ఇటీవల నా ముందు ఒక ప్రతిపాదన పెట్టింది. వారి క్లినిక్ పక్కనే ఒక థెరపీ కేంద్రాన్ని వేరే కంపెనీగా ప్రారంభించి, అందులో పెద్ద వాటా వారు ఉంచుకుని, మిగిలినది నాకు ఇచ్చి, నిర్వహణ బాధ్యత నాకు అప్పగిస్తామని అంటున్నారు. వచ్చే రోగులలో ఎక్కువమంది వారు పంపేవారే అవుతారు. ఇటువంటి భాగస్వామ్యం మన వృత్తిధర్మానికి తగినదేనా? అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని, కారణాలతో చెప్పవలసిందిగా మనవి.

నడకదారి:
అంగీకరించకూడదన్నది నా అభిప్రాయం. ఆ వైద్యుల నిజాయతీని నేను శంకించడం లేదు. అయితే రోగిని ఎక్కడికి పంపాలో నిర్ణయించే వ్యక్తికి, రోగి అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆదాయం వస్తున్నప్పుడు, ఎంత మంచి వైద్యుడి తీర్పు అయినా తనకే తెలియకుండా కొంత మొగ్గుతుంది. ఫ్లోరిడాలోని థెరపీ కేంద్రాలను జీన్ మిచెల్, ఎల్టన్ స్కాట్ పరిశీలించి 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించిన అధ్యయనాన్ని చూడండి. వైద్యులకు వాటాలున్న కేంద్రాలలో ఒక్కో రోగి థెరపీకి వచ్చిన సార్లు 39 నుంచి 45 శాతం ఎక్కువగా ఉన్నాయి. అంతకంటె నన్ను బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. వైద్యుల వాటా లేని కేంద్రాలలో లైసెన్సు ఉన్న థెరపిస్టులు, వారి సహాయకులు ఒక్కో సందర్శనలో రోగితో గడిపిన సమయం సుమారు 60 శాతం ఎక్కువ. అంటే వాటాలున్న చోట రోగి ఎక్కువసార్లు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ తక్కువ శ్రద్ధ పొందాడు.

చట్టం కూడా ఈ ప్రమాదాన్ని గుర్తించింది. అమెరికా కాంగ్రెస్ సభ్యుడు పీట్ స్టార్క్ పేరుతో పిలిచే చట్టం 1989లో వచ్చినప్పుడు ల్యాబ్ పరీక్షలకే పరిమితమైంది. 1993లో దాన్ని విస్తరించి ఫిజియోథెరపీని కూడా చేర్చారు. ఆ భాగం 1995 నుంచి అమలులోకి వచ్చింది. తనకు ఆర్థిక సంబంధం ఉన్న సంస్థకు వైద్యుడు మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రోగులను ఇటువంటి సేవల కోసం పంపకూడదన్నది దాని సారం. మీకు వచ్చిన ప్రతిపాదనలో కేంద్రం వేరే కంపెనీ కాబట్టి, మెడికేర్ రోగుల విషయంలో ఈ చట్టం నేరుగా అడ్డు వచ్చే అవకాశం ఎక్కువ. వైద్యుల బృందం తన సొంత క్లినిక్ లోపలే థెరపీ అందిస్తే మినహాయింపు వర్తిస్తుంది. ఎక్స్‌రే, రక్తపరీక్ష వంటివి రోగి వచ్చిన రోజే అక్కడే పూర్తి కావాలన్న ఉద్దేశానికి ఆ మినహాయింపు సరిపోతుంది గాని, వారాల తరబడి సాగే థెరపీకి అది ఎలా సరిపోతుందో నాకు అర్థం కాదు. అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ కూడా దశాబ్దాలుగా ఇదే వాదన వినిపిస్తోంది.

శల్యవైద్యుడు:
నడకదారి గారి వాదనలో బలం ఉంది. అయినా అది ఒక వైపు మాత్రమే చూపిస్తోంది. నేను భుజం శస్త్రచికిత్సలు చేస్తాను. తెగిన స్నాయువు ఎంత పెద్దది, దాని కణజాలం ఎంత పలుచబడింది, కుట్టు ఎముకకు ఎంత గట్టిగా పట్టుకుంది అన్న సంగతులు ఆపరేషన్ గదిలో నాకు మాత్రమే తెలుస్తాయి. ఏ వారంలో చేయి పైకెత్తించాలన్నది వీటిపైనే ఆధారపడి ఉంటుంది. బయటి క్లినిక్‌కు పంపినప్పుడు ఈ వివరాలు ఒక వాక్యం ఉన్న రెఫరల్ చీటీగా కుదించుకుపోతాయి. థెరపిస్టు పక్క గదిలో ఉంటే, నొప్పి అనుకోకుండా పెరిగిన రోజే నన్ను పిలిచి చూపించగలరు.

అంకెల విషయానికి వస్తే, 2014లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం మెడికేర్ రోగుల లెక్కలు పరిశీలించినప్పుడు, సొంత కేంద్రాలకు పంపే వైద్యులు సాధారణంగా ఎక్కువమందిని థెరపీకి పంపినా, ఒక్కో రోగికి అందిన సేవలు మాత్రం తక్కువగానే ఉన్నాయని తేలింది. మరొక ప్రశ్న కూడా అడగాలి. సొంత క్లినిక్ ఉన్న ఫిజియోథెరపిస్టు రోగిని మరో నాలుగుసార్లు రమ్మన్నప్పుడు ఆ డబ్బు ఎవరికి చేరుతోంది? 2015 నాటికి యాభై రాష్ట్రాలలోనూ వైద్యుడి సిఫారసు లేకుండా థెరపిస్టును నేరుగా కలిసే వీలు ఏదో ఒక రూపంలో ఏర్పడింది. అప్పటి నుంచి, థెరపీ అవసరమని నిర్ణయించేదీ, దానివల్ల ఆదాయం పొందేదీ ఒకే వ్యక్తి కావడం మీ వృత్తిలో కూడా ఉన్నదే.

నడకదారి:
చివరి మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. సందర్శనకు ఇంత అని చెల్లించే పద్ధతి ఉన్నంతకాలం ఆ ప్రలోభం మాకూ ఉంటుంది. అయితే మీరు చూపిన 2014 నివేదికను నేను మరోలా చదువుతాను. ఎక్కువమందిని పంపి, ఒక్కొక్కరికి తక్కువ సేవలు చాలాయంటే, వారిలో కొందరికి థెరపీ అంతగా అవసరం లేకపోయి ఉండవచ్చు. కాలిఫోర్నియాలో పనిలో గాయపడినవారిపై జరిపి 1992లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. సొంత కేంద్రాలకు పంపే వైద్యులు థెరపీని 2.3 రెట్లు ఎక్కువగా మొదలుపెట్టారు, కాని ఒక్కో రోగిపై థెరపీ ఖర్చు కొంత తక్కువే. తేలికపాటి గాయాలున్నవారిని కూడా పంపారని దీన్ని నేను అర్థం చేసుకుంటాను.

ఇద్దరూ వేరుగా ఉన్నప్పుడు ఒకరి నిర్ణయాన్ని మరొకరు పరీక్షించే వీలుంటుంది. ఈ రోగికి వ్యాయామం నేర్పి పంపిస్తే చాలని నేను వైద్యుడికి ఫోన్ చేసి చెప్పగలను. యజమానితో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఉద్యోగం చేసినవారందరికీ తెలుసు.

శల్యవైద్యుడు:
తేలిక గాయానికి రెండు మూడు సార్లు థెరపీ ఇచ్చి పంపడం అనవసరమని ముందే తేల్చడం న్యాయం కాదు. త్వరగా మొదలుపెట్టినందువల్ల త్వరగా ముగిసి ఉండవచ్చు. ఆ లెక్కలు ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పవు.

వెన్నెముక:
చట్టం ఈ తగువు తీరుస్తుందని ఆశించేవారు సౌత్ కరోలినా అనుభవాన్ని గమనించాలి. వైద్యుల వద్ద జీతానికి పనిచేసే థెరపిస్టుకు, ఆ వైద్యులే పంపిన రోగులకు చికిత్స చేసే హక్కు లేదని 2006లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. పదేళ్లకు, 2016లో, అదే న్యాయస్థానం ఆ తీర్పును తోసిపుచ్చింది.

కాబట్టి ఆదాయం ఏ దారిన వస్తోందన్నది చూడాలని నేనంటాను. సందర్శనల లెక్కన చెల్లించే చోట భాగస్వామ్యం అతిచికిత్స వైపు లాగుతుంది. మొత్తం చికిత్సకు కలిపి లెక్కకట్టే చోట అదే భాగస్వామ్యం వ్యతిరేక దిశలో లాగుతుంది. 2016లో మెడికేర్ తుంటి, మోకీలు మార్పిడి శస్త్రచికిత్సలకు ప్రవేశపెట్టి, 2024 చివరి వరకు నడిపిన ఒక పద్ధతిలో, డిశ్చార్జి తరువాత 90 రోజుల వరకు అయ్యే ఖర్చుకు ఆసుపత్రే జవాబుదారీగా ఉండేది. అటువంటి చోట థెరపిస్టు ఎన్ని సార్లు పిలిస్తే అంత భారం. అప్పుడు రోగికి పొంచి ఉండే ప్రమాదం మోకాలు పూర్తిగా వంగకముందే ఇంటికి పంపివేయడం. ‘వైద్యుల యాజమాన్యం’ అన్న ఒక్క మాటతో ఈ రెండు పరిస్థితులను ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

సంధిబంధం గారికి నా సూచన ఏమిటంటే, వేరే కంపెనీ ప్రతిపాదనను మాత్రం వదిలేయండి. మెడికేర్ నిబంధన ఉండగా దాన్ని నిలబెట్టడం కష్టం. బృందం లోపలి విభాగానికి అధిపతిగా చేరమని అడిగితే, ఒప్పందంలో కొన్ని విషయాలు రాతపూర్వకంగా ఉండాలని పట్టుబట్టండి. థెరపీ ఎప్పుడు ముగించాలన్న నిర్ణయం థెరపిస్టుదే కావాలి. మీ వేతనం రోగుల సంఖ్యతో గాని, సందర్శనల సంఖ్యతో గాని ముడిపడకూడదు. వైద్యులకు ఈ విభాగంలో ఆదాయం ఉందన్న సంగతి చెబుతూ, బయటి క్లినిక్‌ల జాబితాను ప్రతి రోగి చేతికీ ఇవ్వాలి. అయితే జాబితా ఒక్కటే చాలదు. తనకు ఆపరేషన్ చేసిన వైద్యుడు పక్క గది చూపిస్తే, కాదని మరోచోటికి వెళ్లే ధైర్యం చాలామంది రోగులకు ఉండదు. అందుకే మొదటి నిబంధనపైనే నాకు ఎక్కువ పట్టుదల. ఇంకొకటి, బృందం నుంచి బయటికి వచ్చాక చుట్టుపక్కల ప్రాక్టీసు చేయరాదన్న షరతు ఉంటే సంతకం చేయకండి. బయటికి వెళ్లే దారి మూసుకుపోయిన థెరపిస్టు లోపల కాదనలేరు.

సంధిబంధం:
మీ అందరికీ కృతజ్ఞతలు. వేరే కంపెనీ ఆలోచన విరమించుకుంటున్నాను. శల్యవైద్యుడు గారు చెప్పిన ఆపరేషన్ వివరాల లోటు నాకు రోజూ అనుభవమే కనుక, ముందుగా వాటా ఊసు లేకుండా, ప్రతి రోగి శస్త్రచికిత్స నివేదికను పూర్తిగా పంపే ఏర్పాటు చేయగలరా అని ఆ బృందాన్ని అడుగుతాను. అది కుదరదు, ఉద్యోగంలో చేరితేనే సాధ్యం అంటే, వెన్నెముక గారి షరతులు వారి ముందు పెడతాను. చికిత్స ముగించే నిర్ణయం నాకు వదలడానికి వారు ఒప్పుకోకపోతే నా క్లినిక్‌లోనే కొనసాగుతాను.