ఘాట్ ఎక్కాక ఆయిల్ లైట్: ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ40 నుంచి 20డబ్ల్యూ50కి మారొచ్చా?

మాది ఒడిశాలోని రాయగడ. బండి 2018 మోడల్ బీఎస్4 డీజిల్ పికప్, లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. లోడుతో లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కి ఆపితే, ఐడ్లింగ్‌లో ఆయిల్ లైట్ (ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగేది) మినుకుమంటోంది. కాస్త రేస్ ఇస్తే ఆరిపోతుంది. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అసలు రాదు.

మాన్యువల్‌లో రాసిన 15డబ్ల్యూ40 గ్రేడు (చిక్కదనం), సీఐ4 ప్లస్ రకం డీజిల్ ఇంజన్ ఆయిలే కొత్తది పోయించాను. ఫిల్టర్, ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ కూడా మార్పించాను. లెవెల్ సరిగ్గానే ఉంది, లీకు లేదు, నీలం పొగా లేదు. అయినా అదే తంతు.

మెకానిక్ 20డబ్ల్యూ50 పోయమంటున్నాడు. చిక్కటి ఆయిల్‌తో లైటు ఆరుతుందేమో గానీ, లోపల బేరింగులు గానీ ఆయిల్ పంపు గానీ అరిగితే అది బాగవదు కదా! పైగా కొరాపుట్ చలికి పొద్దున స్టార్టింగ్ టెన్షన్ ఒకటి. ఆయిల్ ప్రెషర్ కొలిచి చూద్దామంటే గేజ్ ఇక్కడి షెడ్లలో దొరకలేదు.

ఇలాంటి పాత లోడు బండికి 20డబ్ల్యూ50 పోసి ఘాట్లలో తిప్పినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వేడెక్కాక ఐడ్లింగ్‌లో లైట్ రావడం ఆగిందా?