స్కూల్ సైకాలజిస్ట్ ఎవరి మనిషి? స్కూలు మనిషా, అమ్మానాన్నల మనిషా, పిల్లాడి మనిషా?

వెన్నెలబాట

నిన్న ఇంకో చర్చలో ఒకరు "పిల్లలు మైనర్లు కాబట్టి సైకాలజిస్ట్ దగ్గర వాళ్లు చెప్పిన ప్రతి మాటా ఇంట్లో చెప్పి తీరాలి" అని రాశారు. ఇంకొకరు "అలా చెబితే ఏ పిల్లాడూ రెండోసారి ఆ గది గడప తొక్కడు" అన్నారు. మాటా మాటా పెరిగి అసలు విషయం పక్కకి పోయింది. అందుకే విడిగా అడుగుతున్నాను. జీతం ఇచ్చేది స్కూలు. సంతకం పెట్టేది తల్లిదండ్రులు. మనసు విప్పేది పిల్లాడు. ముగ్గురికీ కావలసింది ఒకటే అయితే గొడవే లేదు. వేరైనప్పుడు ఆ సైకాలజిస్ట్ ఎవరి వైపు నిలబడాలి? నా ఓటు పిల్లాడికే. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా మాట్లాడితే బాగుంటుంది.

ఇద్దరు పిల్లల అమ్మ

నిన్న ఆ మాట రాసింది నేనే. ఇప్పటికీ అదే అంటాను. పద్నాలుగేళ్ల పిల్లకి పన్ను పీకాలన్నా నా సంతకం అడుగుతారు. అలాంటిది దాని మనసులో ఏముందో బయటి మనిషికి తెలిసి నాకు తెలియకపోవడం ఏమిటండీ? రేపు ఏదైనా జరిగితే ఆ సైకాలజిస్ట్ ఇంకో స్కూల్లో చేరిపోతారు. నేనెక్కడికి పోతాను?

బ్యాక్‌బెంచ్

నేను చదువుకున్న ఒక స్కూల్లో, ఇంట్లో జరిగే గొడవల గురించి కౌన్సెలర్‌కి చెప్పాను. మర్నాటికి స్టాఫ్‌రూమ్ మొత్తానికి తెలిసిపోయింది. ఒక టీచర్ జాలిగా తల నిమిరారు. ఇంకొకరు క్లాసులో అందరి ముందూ "ఇప్పుడు ఇంట్లో ఎలా ఉందిరా" అని అడిగారు. ఇద్దరూ మంచి మనసుతోనే చేశారు. కానీ ఆ తర్వాత ఆ స్కూల్లో నేను ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. అమ్మగారూ, మీకు చెప్పాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. అసలు మీ పిల్ల ఎవరికైనా చెబితే కదా.

చాక్‌పీస్

టీచర్‌ని నేను. మా గోడు కూడా వినండి. పిల్లాడిని పంపుతాం. ఎప్పటికో ఒక రిపోర్ట్ వస్తుంది. అందులో పర్సెంటైల్, స్టాండర్డ్ స్కోర్, వర్కింగ్ మెమరీ అని పేజీలకి పేజీలు. చివర్లో సిఫార్సులు: ముందు బెంచీలో కూర్చోబెట్టండి, అదనపు సమయం ఇవ్వండి, ప్రోత్సహించండి. ఏ పిల్లాడికైనా అవే మూడు. ముందు బెంచీ ఎంత పొడుగుంటుందండీ? ఇంకేమైనా అడిగితే "కాన్ఫిడెన్షియల్" అంటారు. వాడు రోజంతా ఉండేది నా క్లాసులో, నాకేమో ఏమీ తెలియకూడదు.

గది నంబర్ 7

నేను చేసేది ఈ ఉద్యోగమే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

తలుపు వేసుకుని పిల్లాడితో మాట్లాడటమే మా పని అనుకుంటారు చాలామంది. నా వారంలో దానికి దొరికే సమయం చాలా తక్కువ. క్లాసులో వెనక కూర్చుని గమనించాలి. టీచర్లతో మాట్లాడాలి. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో పిల్లాడు ఎక్కడ ఆగిపోతున్నాడో పరీక్షలు పెట్టి చూడాలి. రిపోర్ట్ రాయాలి, దాన్ని తల్లిదండ్రులకి మామూలు మాటల్లో విప్పి చెప్పాలి. స్కూల్లో ఎవరైనా చనిపోతే మిగతా పనులన్నీ ఆపి పిల్లల దగ్గరే ఉండాలి. వీటిలో ఒక్కోదానికి గోప్యత ఒక్కోలా ఉంటుంది. "అన్నీ చెప్పాలి" అన్నా, "ఏదీ చెప్పకూడదు" అన్నా కుదరనిది అందుకే.

పరీక్ష పెట్టడానికి ముందు తల్లిదండ్రుల సమ్మతి తీసుకుంటాం. ఫలితాలు వాళ్లకి చెప్పాల్సిందే, దాచే ప్రశ్నే లేదు. పిల్లాడితో మాటలు అలా కాదు. మొదటిసారి కూర్చోగానే నేను చెప్పేది ఇది: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, మూడు విషయాల్లో తప్ప. నీకు నువ్వు హాని చేసుకునేలా ఉన్నా, ఇంకొకరికి చేసేలా ఉన్నా, నీకు ఎవరైనా చేస్తున్నా నేను దాచను. ఈ మాట ముందే చెప్పాలి. పిల్లాడు అంతా చెప్పేశాక "ఇది మాత్రం చెప్పక తప్పదు" అంటే వాడి దృష్టిలో అది మోసమే.

ఇంకొకరికి హాని అన్నచోట ఈ వృత్తిలోకి వచ్చే చాలామంది చదివే కేసు ఒకటుంది. కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటున్న యువకుడు తనకి పరిచయమున్న అమ్మాయిని చంపాలనుకుంటున్నట్టు థెరపిస్టుకి చెప్పాడు. క్యాంపస్ పోలీసులకి కబురు వెళ్లింది. ఆ అమ్మాయికి గానీ, ఆమె ఇంట్లోవాళ్లకి గానీ ఎవరూ చెప్పలేదు. చివరికి అన్నంత పనీ చేశాడు. టరసాఫ్ కేసు అంటారు దాన్ని. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత థెరపిస్టుకి ఉంటుందని 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది.

అమ్మగారూ, మీ పిల్ల చేతి మీద తను కోసుకున్న గాట్లు నా కంట పడితే మీకు ఆ రోజే తెలుస్తుంది. "అమ్మకి చెప్పాలి. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా, ఇద్దరం కలిసి చెబుదామా" అని పిల్లనే అడుగుతాను. ఎలా చెప్పాలన్నంత వరకే తన ఇష్టం.

ప్రశ్నార్థకం

వినడానికి బాగుంది. కానీ ఈ ఉద్యోగం పుట్టింది వ్యవస్థ అవసరం కోసం, పిల్లాడి పేరు తర్వాత తగిలించారు. 1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ సిరిల్ బర్ట్‌ని తన స్కూళ్లకి సైకాలజిస్ట్‌గా పెట్టుకుంది. 1915లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం ఆర్నల్డ్ గెసెల్‌ని అదే పనికి పెట్టుకుంది. మామూలు క్లాసులో ఇమడని పిల్లల్ని పరీక్షించి ఏరడం వాళ్ల పనిలో పెద్ద భాగం.

పరీక్షల కథ ఇంకా ఘోరం. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు తెలివిని కొలిచే పరీక్ష తయారు చేసింది ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి. తెలివి పెరగకుండా ఒకచోట ఆగిపోయేది కాదని బినే గట్టిగానే చెప్పాడు. అమెరికా చేరాక అదే పరీక్షతో పిల్లల్ని గీత గీసి విడదీశారు. కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లల్ని స్కూళ్లలో వాళ్ల నిష్పత్తికి మించి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల క్లాసుల్లో వేస్తున్నారని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆ క్లాసుల్లో వేయడానికి నల్లజాతి పిల్లలకి ఐక్యూ పరీక్షలు వాడొద్దని 1979లో లారీ పి. కేసులో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. మరి అన్నాళ్లూ ఆ పరీక్షలు పెట్టింది ఎవరు? "మేం పిల్లాడి వైపే" అనుకుంటూనే పెట్టి ఉంటారు.

గది నంబర్ 7

ప్రశ్నార్థకం గారూ, మీరు చెప్పిన ఏ ఒక్కదాన్నీ కాదనను. కానీ బర్ట్ కంటే ముందు ఇంకో మొదలు ఉంది. 1896లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ అనే సైకాలజిస్ట్ క్లినిక్ పెట్టాడు. మొదట వచ్చినవాడు స్పెల్లింగ్ కుదరని ఒక పిల్లాడు, తీసుకొచ్చింది వాడి టీచరే. విట్మర్ కళ్లు పరీక్ష చేయించి, అద్దాలు పెట్టించి, ఆ తర్వాత వాడికి ప్రత్యేకంగా చదువు చెప్పించాడు. ఇప్పటికీ ఏ పరీక్ష మొదలుపెట్టాలన్నా ముందు నేను అడిగేది చూపు, వినికిడి సరిగా ఉన్నాయా అనే. బద్ధకం అని ముద్ర పడ్డ పిల్లాడికి బోర్డు కనిపించకపోవడం మీరు అనుకునేంత అరుదు కాదు.

ఇక పరీక్షల గురించి. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం అమెరికా 1975లో చేసిన చట్టంలోనే, ఒక్క పరీక్షని పట్టుకుని పిల్లాడి చదువు నిర్ణయించకూడదని ఉంది. ఆ రూలు ఊరికే రాలేదు. మీరు చెప్పినటువంటి కేసులు నడుస్తుండగా వచ్చింది. అంకె ఒక్కటే ఉన్న రిపోర్ట్ ఎవరైనా చేతిలో పెడితే తల్లిదండ్రులు వెనక్కి ఇచ్చేయాలి. క్లాసులో చూశారా, టీచర్‌ని అడిగారా, మమ్మల్ని ఎందుకు అడగలేదు అని నిలదీయాలి.

చాక్‌పీస్ గారూ, ఆ మూడు సిఫార్సుల మాట నిజం. సిగ్గుపడాల్సిన విషయమే. మీ క్లాసులో కూర్చోకుండా రాసే రిపోర్టులు అలాగే ఉంటాయి. "కాన్ఫిడెన్షియల్" మాత్రం వేరు. మీకు కావలసింది రేపు ఏం చేయాలన్నది. పిల్లాడి ఇంట్లో విడాకుల గొడవ నడుస్తోందనుకోండి. "కొన్నాళ్లు వాడిని లేపి చదివించకండి, హోంవర్క్ ఆలస్యమైతే నాకు చెప్పండి, అందరి ముందూ అడగొద్దు" అంటాను. విడాకుల సంగతి మీకు తెలియకుండానే అది జరిగిపోతుంది.

చాక్‌పీస్

జరగదండీ. కారణం తెలియకపోతే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? తండ్రి పోయిన పిల్లాడని తెలిస్తే వాడి మీద అరవను. "కారణం చెప్పలేం, కాస్త చూసుకోండి" అన్న పిల్లాడి మీద మూడో రోజు అరుస్తాను. నేనూ మనిషినే కదా.

గది నంబర్ 7

దీనికి జవాబు నా దగ్గర సగమే ఉంది. "మీ టీచర్లలో ఎవరికి తెలిస్తే నీకు ఫర్వాలేదు" అని పిల్లాడినే అడుగుతాను. చాలాసార్లు ఎవరో ఒకరి పేరు చెబుతారు. ఆ ఒక్కరికి, వాడికి ఇష్టమైనంత వరకు చెబుతాను. ఎవరి పేరూ చెప్పకపోతే అది కూడా ఆ స్కూలు గురించి నాకు ఒక సమాచారమే.

సగటు జీవి

మీరంతా గోప్యత గురించి మాట్లాడుతున్నారు, నేను లెక్క గురించి మాట్లాడతాను. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ స్కూల్ సైకాలజిస్ట్స్ 500 మంది విద్యార్థులకి ఒకరు ఉండాలంటుంది. అక్కడే చాలా చోట్ల అంత మంది లేరు. మిగతా చోట్ల అయితే బ్రోషర్లో ఫొటో కోసం ఒకరిని పెట్టుకుంటారు. ఆ మనిషికి అడ్మిషన్లప్పుడు పిల్లల్ని వడపోసే పని. టీచర్ రాకపోతే ఆ క్లాసు. పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్. మధ్యలో ప్రిన్సిపాల్ పిలిచి "టాయిలెట్ల దగ్గర సిగరెట్లు కాల్చేది ఎవరో మెల్లగా కనుక్కోండి" అంటారు. ఇంక పిల్లాడి వైపు నిలబడటానికి తీరికేదీ?

ప్రశ్నార్థకం

అదే నేను అడిగేది కూడా. ప్రిన్సిపాల్ సిగరెట్ సంగతి కనుక్కోమంటే, గది నంబర్ 7 గారూ, మీరు కాదనగలరా? జీతం చెక్కు మీద సంతకం ఎవరిది?

గది నంబర్ 7

కాదంటాను. అంటే అన్నిసార్లూ హాయిగా ఉండదు, ఇంక్రిమెంట్ టైములో టెన్షన్ కూడా. కానీ ఒక్కసారి ఆ పని చేస్తే గది మూసేసుకోవచ్చు. మధ్యాహ్నం లోపే పిల్లలందరికీ తెలిసిపోతుంది.

అయితే క్రమశిక్షణకీ మాకూ సంబంధమే లేదని కూడా అనను. అమెరికా చట్టంలో ఒక ఏర్పాటు ఉంది. వైకల్యం ఉన్నట్టు గుర్తించిన పిల్లాడిని ప్రవర్తన బాగాలేదని 10 స్కూలు రోజులకి మించి బయటకి పంపాలంటే, ఆ ప్రవర్తన వాడి వైకల్యం వల్ల వచ్చిందా అని ముందు కూర్చుని తేల్చాలి. అక్కడ సైకాలజిస్ట్ మాటకి బరువుంటుంది. ప్రిన్సిపాల్ పక్కన కూర్చునే "ఈ పిల్లాడిని పంపడం తప్పు" అనొచ్చు. తప్పు ఎవరు చేశారో వెతికే పని మాది కాదు, ఎందుకు చేశాడో చెప్పే పని మాదే.

ప్రశ్నార్థకం

అలాంటి చట్టం లేని చోట ఆ కుర్చీ కూడా ఉండదు. నా మాట ఒక్కటే. సైకాలజిస్ట్‌ని ప్రిన్సిపాల్ కింద పెట్టకండి. పైన జిల్లా స్థాయిలో ఎవరైనా నియమించాలి, తీసేసే అధికారం కూడా వాళ్లకే ఉండాలి.

గది నంబర్ 7

అమెరికాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో, అంటే ఒక ప్రాంతంలోని స్కూళ్లని కలిపి నడిపే సంస్థల్లో, అలాగే ఉంది, ఒక్కరే రెండు మూడు స్కూళ్లు తిరుగుతారు. ప్రిన్సిపాల్ బెడద తగ్గుతుంది, నిజమే. కానీ మంగళవారం వచ్చే మనిషికి గురువారం ఏడ్చే పిల్లాడు కనిపించడు. లెక్కల పీరియడ్ ముందే కడుపునొప్పి వస్తోందని పట్టుకోవాలంటే అదే కారిడార్లో రోజూ తిరగాలి. అధికారం బయట, మనిషి లోపల ఉంటే నాకూ ఇష్టమే. కానీ ఆ ఖర్చు పెట్టేదెవరు?

బ్యాక్‌బెంచ్

అధికారం ఎవరి చేతిలో ఉంటే ఏమిటండీ. నా విషయం బయటపెట్టింది ప్రిన్సిపాల్ కాదు, టీ తాగుతూ చెప్పుకున్న కబుర్లు.

ఇద్దరు పిల్లల అమ్మ

అన్నీ చదివాను. గాట్ల సంగతి ఆ రోజే చెబుతానన్నారు, అక్కడ నాకు పేచీ లేదు. మరి ప్రేమ వ్యవహారం? మార్కులు దాచడం? సిగరెట్? మీ మూడింటిలో ఇవి ఎక్కడున్నాయి?

గది నంబర్ 7

అవతల ఉన్నది పెద్దవాడైతే అది ప్రేమ వ్యవహారం కాదు, మూడో దాని కిందకి వస్తుంది. మీకే కాదు, చట్టప్రకారం చెప్పాల్సిన చోట కూడా చెబుతాను. అవతల ఉన్నది అదే వయసు పిల్లాడైతే, బెదిరింపు, బలవంతం లేకపోతే చెప్పను. మీకు చెప్పమని పిల్లని ఒప్పించడానికి మాత్రం చూస్తాను. మార్కులు స్కూలే మీకు పంపుతుంది. సిగరెట్ చెప్పను. అది డ్రగ్స్ వైపు పోతోందనిపిస్తే చెబుతాను.

ఇద్దరు పిల్లల అమ్మ

సిగరెట్ దగ్గర నేను ఒప్పుకోను. ఏది చెబుతారో, ఏది చెప్పరో మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి.

గది నంబర్ 7

నేను ఇస్తాను. అడగకపోయినా ఇవ్వాల్సిందే. పిల్లకీ ఒక కాపీ ఇస్తాను, తనకి అర్థమయ్యే మాటల్లో.

వెన్నెలబాట

రాసిస్తే సంతకం పెడతారా అమ్మగారూ?

ఇద్దరు పిల్లల అమ్మ

చదివాక చెబుతాను. సిగరెట్ ఏ వరుసలో ఉందో ముందు చూడనివ్వండి.