ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రానికి కుక్కను తేవాలా, వద్దా?

నాగావళి_టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)
శ్రీకాకుళం జిల్లాలోని మా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రానికి ఒక స్వచ్ఛంద బృందం నుంచి కబురొచ్చింది. శిక్షణ పొందిన లాబ్రడార్‌ను నెలకు రెండు గురువారాలు పిల్లల దగ్గరికి తీసుకొస్తారట. కేంద్రానికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక కష్టమయ్యే స్థితి), ఆటిజం ఉన్న పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు వస్తారు. ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ముందుగా ఏం అడగాలి? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి_ఫిజియో
ఒప్పుకోండి మేడమ్. కాకపోతే కుక్క రావడం, పిల్లలు నిమరడం, ఫొటో తీసుకోవడం వరకే అయితే అది థెరపీ కాదు, చూసిపోవడం. అందులో తప్పు లేదు గానీ దాన్ని చికిత్స అనకూడదు. చికిత్స అనాలంటే ప్రతి పిల్లడికీ లక్ష్యం ముందే కాగితం మీద ఉండాలి, దాన్ని కొలవాలి.

కుడిచెయ్యి బిగుసుకుపోయిన పిల్లడిని తీసుకోండి. కుక్కను వాడికి కుడిపక్కనే పడుకోబెట్టాలి. దువ్వెన పిడికి గుడ్డ చుట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల లావు చేయాలి, సన్నపిడి వాడి పట్టుకి అందదు. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక్క దువ్వు దువ్వితే భుజం చాస్తాడు, మోచెయ్యి సాగుతుంది, నడుము కూడా కొంచెం తిరుగుతుంది. ప్లాస్టిక్ రింగులతో ఇదే కదలిక చేయించబోతే నాలుగోసారికి ఏడుపు. కుక్కతో అయితే ఇరవైసార్లు తనంతట తనే చేస్తాడు. బిస్కెట్ ముక్కను వేళ్లతో ఇవ్వనివ్వకూడదు, అరచెయ్యి పూర్తిగా విప్పి దాని మీద పెట్టి ఇవ్వాలి. పిడికిలి విప్పడమే ఆ పిల్లడికి అసలు వ్యాయామం. వేళ్లతో ఇస్తే కుక్క పన్ను తగిలే ప్రమాదమూ ఉంది.

మాట రానివాళ్లకి "పో", "పట్టు", "బంతి" లాంటి మాటలతో మొదలుపెట్టండి. పెదాలు కలిస్తే వచ్చే శబ్దాలు ముందు పలుకుతాయి, పైగా మాట అనగానే కుక్క కదులుతుంది కాబట్టి ఫలితం వెంటనే కళ్లముందు కనిపిస్తుంది.

టెక్కలి_కుర్రోడు
తేలినీలాపురం పక్షుల కేంద్రంలో కొంగల్ని చూపిత్తే సాలదేటి? టిక్కెట్టు తక్కువ, కరవ్వు.

పశువైద్యం_చీపురుపల్లి
ఫిజియో గారు పిల్లడి వైపు చెప్పారు, కుక్క వైపు నేను చెప్తాను. ఈ కాగితాలు చేతికి రానిదే కుక్కను గడప దాటనివ్వకండి. వయసు ఏడాది దాటాలి. రేబిస్ టీకా మూడో నెలలో, తర్వాత బూస్టర్, ఆపైన ఏటా వేయించి ఉండాలి, కార్డు చూడండి. లెప్టోస్పైరా (ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో అంటే క్రిమి) కలిసిన డీహెచ్‌పీపీఐఎల్ అనే మిశ్రమ టీకా కూడా ఉండాలి, మన వైపు వానల్లో నీళ్లు నిలిచే ఊళ్లకు అది మరీ ముఖ్యం. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి. పచ్చిమాంసం పెట్టే కుక్క వద్దు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి లాలాజలంలోనూ మలంలోనూ వస్తుంది, మన పిల్లల్లో చేతులు నోట్లో పెట్టుకునేవాళ్లే ఎక్కువ. ముందురోజు స్నానం, గోళ్లు కత్తిరింపు. వచ్చిన రోజు చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదులు వెతకాలి.

కాగితం చూశాక కుక్కను పరీక్షించండి. దాని వెనక స్టీలు పళ్లెం కింద పడేయండి. ఉలిక్కిపడినా పర్వాలేదు, రెండు మూడు సెకన్లలో తేరుకుని మళ్లీ మనిషి వైపు రావాలి. మూలకి పోయి వణికినా, మొరుగుతూ ఉండిపోయినా ఆ కుక్క ఈ పనికి కాదు. వీల్‌చైర్, చంకకర్ర పక్కనుంచి పోనిచ్చి చూడండి. తోక పట్టుకుని మెల్లగా లాగండి. మన పిల్లలు లాగుతారు కదా.

ఆమదాలవలస_నాన్న
ఇన్ని పరీక్షలు పెట్టి లాబ్రడారే ఎందుకండీ? మన ఊళ్లలో దూడలు లేవా, మేకలు లేవా? మా గుంటలు పుట్టినకాడ్నించి వాటి మధ్యనే తిరుగుతున్నారు. బయటినుంచి కారులో కుక్కను తెచ్చి, అదేదో అమెరికా వైద్యమంటే సరిపోతుందా? రుజువేటి?

బొబ్బిలి_ఫిజియో
రుజువు అడిగారు, మంచిదే. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వవేత్త ఉండేవారు. ఎవరితోనూ కలవని పిల్లవాడు గదిలో ఉన్న జింగిల్స్ అనే ఆయన కుక్కతో కలిసిపోవడం చూసి, 1960లలో దాని మీద రాశారు. పిల్లలు కుక్కకి పుస్తకం చదివి వినిపించే పద్ధతి 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైంది. తప్పు చదివినా కుక్క దిద్దదు, నవ్వదు, అందుకే తడబడే పిల్లలు గొంతెత్తి చదువుతారు. అంతవరకే చెప్తాను. కుక్క వంగిన కాలుని నిటారు చేయదు, ఆటిజాన్ని తీసేయదు. చేసే పనిని ఎక్కువసార్లు చేయిస్తుంది, భయం తగ్గిస్తుంది. ఈ రెండూ మాకు చాలా విలువైనవి.

పశువైద్యం_చీపురుపల్లి
దూడ గురించి అడిగారు కాబట్టి: దూడలకి తామర చాలా మామూలు, ముఖం మీద బూడిదరంగు గుండ్రటి మచ్చలు కనిపిస్తే ముట్టుకున్న పిల్లడికీ అంటుతుంది. బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకీ అంటే క్రిమి) టీకా పెయ్యదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపే వేస్తారు, వేయించని ఇళ్లు ఎన్నో. మేక ఎప్పుడు కుమ్ముతుందో చెప్పలేం, పైగా ఎక్కడపడితే అక్కడ పెంట వేస్తుంది, నేలమీద పాకే పిల్లలున్న గదికి అది కుదరదు.

అయినా లాబ్రడార్ విషయంలో మీ మాటే నా మాట, కారణం మాత్రం వేరు. కుక్క ఒంటివేడి తగ్గేది ముఖ్యంగా ఒగర్చడం వల్లే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది సరిగా పనిచేయదు. మార్చి దాటాక మన తీరంలో పదకొండింటికి రేకుల షెడ్డులో దట్టమైన బొచ్చున్న కుక్కను కూర్చోబెట్టడం హింస. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది లోపు అయితే సరే. మన నాటుకుక్కకి బొచ్చు పొట్టి, వేడి తట్టుకుంటుంది. చిన్నప్పటినుంచి మనుషుల మధ్య పెరిగినది దొరికితే అదే మేలు.

ఇచ్ఛాపురం_జీడి
నాటుకుక్కకి మనిషి తెలివుంటాది. డాక్టరు గారు సరిగా సెప్పేరు.

బొబ్బిలి_ఫిజియో
జాతి దగ్గరే ఆగిపోయాం. లాబ్రడార్ కానివ్వండి, నాటుకుక్క కానివ్వండి, నాకు కావాల్సింది పదిహేను నిమిషాలు కదలకుండా పడుకుని, ఇరవైసార్లు దువ్వనిచ్చే కుక్క.

పశువైద్యం_చీపురుపల్లి
ఇరవైసార్లు అని మీరెలా నిర్ణయిస్తారు సార్? కుక్క మూతి నాక్కుంటోందా, నిద్ర రాకపోయినా ఆవులిస్తోందా, ముఖం అటు తిప్పి కంటిచివర తెల్లగుడ్డు కనిపించేలా చూస్తోందా, ఎవరు గమనిస్తారు? అవి "చాలు" అనడానికి గుర్తులు. ఆరోసారికే కనిపిస్తే ఆరోసారికే ఆపాలి. పిల్లడు మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంటే మనకి ముద్దు, కుక్కకి మాత్రం దారి మూసినట్టే. చాలా కాట్లు అక్కడే పడతాయి. కుక్కను తెచ్చిన మనిషి పిల్లడిని కాదు, కుక్కనే చూస్తూ ఉండాలి. పిల్లడిని చూడ్డానికి మీరున్నారు. ఒక్కో పిల్లడికి పది పదిహేను నిమిషాలు, మధ్యలో నీళ్లు, నీడ. రోజు మొత్తం మీద రెండు గంటలు దాటకూడదు.

బొబ్బిలి_ఫిజియో
ఆరోసారికే ఆపితే పిల్లడి లక్ష్యం ఏమౌతుంది? దువ్వడం ఆపి బంతి విసరడానికి మారుస్తాను, లేచి తిరిగితే కుక్కకీ ఊరట. మొత్తానికే ఆపేయమనడం నాకు సమ్మతం కాదు.

పశువైద్యం_చీపురుపల్లి
మార్చండి, అభ్యంతరం లేదు. కానీ ఆపాలా వద్దా అన్నది కుక్కను తెచ్చిన మనిషి మాటే అవ్వాలి, థెరపిస్టుది కాదు. ఆ షరతు లేకపోతే నేను ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టను.

ఆమదాలవలస_నాన్న
చాలండీ. కుక్కకి ఆవులింత వస్తే ఆపాలంటున్నారు, కుక్కకి నీడ కావాలంటున్నారు. మా వాడి గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు! వాడికి ఎనిమిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. మేమెళ్లే కేంద్రానికి ఫిజియో వచ్చేది వారానికి ఒక్క గురువారం. ఒక్కో పిల్లడికి దొరికేది అరగంట. మేడమ్ గారు రాసిన రోజేటి? గురువారమే! అంటే నెలకి రెండుసార్లు ఆ అరగంటలో సగం కుక్కకే పోతుంది. మిగతా రోజుల్లో కాలు సాగదీయడం ఇంట్లో వాళ్లమ్మ చేస్తుంది, ఆ అరగంటలో నేర్పించుకున్నదే చేస్తుంది. రేపు పైవాళ్లు "కుక్క వస్తోంది కదా, థెరపీ నడుస్తోంది" అని రాసుకుని ఫిజియోని పక్క మండలానికి పంపేస్తే అడిగేదెవరు? లాబ్రడార్ అయితే నాకేటి, నాటుకుక్క అయితే నాకేటి. నా భయం ఇదీ.

బొబ్బిలి_ఫిజియో
ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట బయటికొచ్చింది. మీరన్నదానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లడికి ఎత్తు పెరిగే కొద్దీ ఎముక ముందుపోతుంది, బిగిసిన కండరం వెనకబడుతుంది. మడమ నేలకి ఆనడం తగ్గుతుంది, తుంటి జారే ప్రమాదం ఉంటుంది. పిక్క, తొడ లోపలి కండరం రోజూ సాగదీయాల్సిందే, ప్రతిసారీ కనీసం ముప్పై సెకన్లు పట్టి ఉంచాలి. ఆ పని ఏ జంతువూ చేయలేదు. గురువారం ఫిజియో సమయం నుంచి ఒక్క నిమిషం కూడా తీయకూడదు. మేడమ్, కుక్కను శనివారానికి మార్చమనండి. నేను రాసిన వ్యాయామాలన్నీ శనివారం టీచరు కూడా చేయించవచ్చు, ఎవరికి ఏది అన్న పట్టీ నేను రాసిస్తాను.

టెక్కలి_కుర్రోడు
నాన్నగారి మాటే కరెక్టు.

నాగావళి_టీచర్
గురువారం అన్నది ఆ బృందానికి వీలైన రోజు, నేను ఎంచుకున్నది కాదు. శనివారం కుదురుతుందేమో అడుగుతాను. రిజిస్టరులో కుక్క వచ్చిన రోజుని ఫిజియో కాలమ్‌లో కాకుండా "ఇతర కార్యక్రమాలు"లో రాస్తాను, ఆ పేజీ తల్లిదండ్రుల చేత సంతకం చేయిస్తాను. డాక్టర్ గారూ, గీరుకుంటే ఏం చేయాలో చెప్పండి, గోడకి అంటించాలి.

పశువైద్యం_చీపురుపల్లి
పెద్ద అక్షరాల్లో రాయండి. పన్ను, గోరు ఏది గీరినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు, కట్టు కట్టకూడదు. చర్మం చెక్కుచెదరకుండా ఉండి నాకితే కడిగితే చాలు. రక్తం రాని గీరుడుకైనా రేబిస్ వ్యాక్సిన్ మొదలుపెట్టాలి. రక్తం వచ్చినా, పుండు మీద నాకినా వ్యాక్సిన్‌తో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో డోసులు. కుక్కకి టీకా కార్డు ఉంది కదా అని ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు, కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి.

ఇంకోటి, కేంద్రం నేల నున్నటి టైల్స్ అయితే దానిమీద కుక్క కాళ్లు జారతాయి, జారే కుక్క బెదురుతుంది. గోనెపట్టా కాదు, రబ్బరు చాప పరవండి. మధ్యాహ్న భోజనం పళ్లేల చప్పుడు మొదలయ్యే లోపు కుక్క వెళ్లిపోవాలి.

ఆమదాలవలస_నాన్న
శనివారం అయితే మా వాడిని తీసుకొస్తాను. వాడికి బిగుసుకున్నది ఎడమచెయ్యి. కుక్కను ఎడమపక్కన పడుకోబెట్టమనండి. గురువారం జోలికి మాత్రం రావొద్దు.

పశువైద్యం_చీపురుపల్లి
ఆపే మాట ఎవరిదో ఇంకా తేలలేదు, ఫిజియో గారూ.

బొబ్బిలి_ఫిజియో
తేలలేదు. మొదటి శనివారం మీరు కూడా రండి. ఆ కుక్కను చూశాకే మాట్లాడదాం.