ఈజిప్టు, ట్యునీషియాలకు అందిన విదేశీ సాయం: లెక్క ఎలా విడగొట్టాలి?

ఆర్ట్స్‌కాలేజ్_ఎంఏ, హైదరాబాద్
ఓయూలో సెమినార్ పేపర్ రాస్తున్నా. 2011 ప్రజా తిరుగుబాట్ల తర్వాత వచ్చిన విదేశీ సాయం ఈజిప్టు, ట్యునీషియా రాజకీయాల్ని ఎటు తిప్పిందన్నది విషయం. ఎక్కడ చూసినా 2013లో గల్ఫ్ దేశాలు ఈజిప్టుకు ప్రకటించిన "12 బిలియన్ డాలర్లు" అన్న ముద్ద అంకే కనిపిస్తోంది. అందులో ఏముంది? గల్ఫ్ డబ్బే ఈజిప్టులో సైన్యాన్ని గద్దెనెక్కించిందని రాయొచ్చా?

లెక్కలపద్దు
ముందు ఆ 12ను విడగొట్టు తమ్ముడూ. సౌదీ 5: ఈజిప్టు కేంద్ర బ్యాంకులో డిపాజిట్ 2, ఇంధనం 2, నగదు గ్రాంటు 1. యూఏఈ 3: గ్రాంటు 1, వడ్డీ లేని డిపాజిట్ 2. కువైట్ 4: డిపాజిట్ 2, గ్రాంటు 1, చమురు 1. అంటే సగం డిపాజిట్లే.

డిపాజిట్ పడగానే విదేశీ మారక నిల్వలు పెరిగినట్టు కనిపిస్తాయి. 2013 జూన్ చివర సుమారు 15 బిలియన్లున్న నిల్వలు జూలై చివరకు దాదాపు 19కి చేరాయి. కానీ అది అప్పే. గడువు పొడిగించాలా, వెనక్కి తీసుకోవాలా అన్నది ఇచ్చినవాళ్ల ఇష్టం, కాబట్టి జుట్టు వాళ్ల చేతిలో ఉంటుంది. 2012లో ఎన్నికైన అధ్యక్షుడు ముర్సీ కాలంలో ఖతార్ పెట్టిన డిపాజిట్లలో 2 బిలియన్లను బాండ్లుగా మార్చే చర్చలు ఫలించక, 2013 సెప్టెంబర్‌లో ఈజిప్టు తిరిగి ఇచ్చేసింది.

ఇంధనం సంగతీ అంతే. 2016 అక్టోబర్‌లో భద్రతా మండలిలో సౌదీకి నచ్చని, సిరియాపై రష్యా తెచ్చిన తీర్మానానికి ఈజిప్టు అనుకూలంగా ఓటేసింది. అదే నెలలో సౌదీ ప్రభుత్వ చమురు సంస్థ అరాంకో నెలకు 7 లక్షల టన్నుల సరఫరా ఆపేసింది. 2017 మార్చిలో గానీ తిరిగి మొదలు కాలేదు. ఓటే కారణమని సౌదీ అధికారికంగా చెప్పలేదు, కాబట్టి రెండు తేదీలూ పక్కపక్కన ఇచ్చి అక్కడ ఆగు.

మలక్‌పేట_పాఠకురాలు
గద్దెనెక్కించింది అని మాత్రం రాయకండి. 2013 జూన్ 30న లక్షలమంది రోడ్లెక్కారు, జూలై 3న సైన్యం ముర్సీని దించింది. 12 బిలియన్ల ప్రకటన ఆ తర్వాత వారంలో వచ్చింది. డబ్బు చేసిన పని కొత్త పాలనను నిలబెట్టడం. ముర్సీ ప్రభుత్వం 4.8 బిలియన్ల రుణం కోసం ఐఎంఎఫ్‌ (అంతర్జాతీయ ద్రవ్యనిధి)తో ఎడతెగని బేరాలాడింది. కొత్త ప్రభుత్వానికి ఆ అవసరమే తప్పింది. సబ్సిడీల కోత, పౌండు విలువ తగ్గింపు వంటి చేదు నిర్ణయాలు వాయిదా పడ్డాయి. చివరికి 2016 నవంబర్‌లో పౌండు విలువను మార్కెట్‌కు వదిలేసి 12 బిలియన్ల ఐఎంఎఫ్ రుణం తీసుకున్నారు. ఆ మూడేళ్ల జాప్యం మీ పేపర్‌కు గుండెకాయ అని నా అభిప్రాయం.

అమెరికా సాయంతోనూ పోల్చి చూడండి. ఏటా 1.3 బిలియన్ల సైనిక సాయంలో కొంత భాగాన్ని కొత్త పాలనపై ఒత్తిడి తేవడానికి 2013 అక్టోబర్‌లో నిలిపి, 2015 మార్చిలో మళ్లీ విడుదల చేశారు. గల్ఫ్ డబ్బు అంతకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు ఆ ఒత్తిడి పనిచేయదు.

ఆర్ట్స్‌కాలేజ్_ఎంఏ
ట్యునీషియాకు ఇదే కొలత సరిపోతుందా మేడమ్?

మలక్‌పేట_పాఠకురాలు
సరిపోదు. అక్కడ బరువంతా ఐఎంఎఫ్, ఐరోపాల మీదే. 2022 అక్టోబర్‌లో 1.9 బిలియన్ల రుణంపై ఐఎంఎఫ్ అధికారుల స్థాయిలో ఒప్పందం కుదిరినా, సబ్సిడీల కోత షరతును అధ్యక్షుడు సయీద్ ఒప్పుకోలేదు. 2023 జూలైలో ఐరోపా సమాఖ్య వేరే ఒప్పందం చేసుకుంది. వలసల అదుపుకు 10.5 కోట్ల యూరోలు, బడ్జెట్‌కు 15 కోట్లు. 90 కోట్ల రుణాన్ని మాత్రం ఐఎంఎఫ్ ఒప్పందంతో ముడిపెట్టింది. 2021లో పార్లమెంటును స్తంభింపజేసిన పాలకుడితో ఈ బేరం! వలసల భయం ముందు ప్రజాస్వామ్య షరతు ఎంత పలచబడిందో ఇక్కడే తెలుస్తుంది.

లెక్కలపద్దు
ఒక జాగ్రత్త. పట్టికలో హామీ, చేతికందింది, తిరిగి చెల్లించింది అని మూడు గడులు పెట్టు. ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొస్తుంది. 2024 ఫిబ్రవరిలో రాస్ అల్ హిక్మా తీరం అభివృద్ధికి యూఏఈ ప్రకటించిన 35 బిలియన్లలో 11 బిలియన్లు అప్పటికే కైరోలో ఉన్న పాత డిపాజిట్లే. వాటిని పెట్టుబడిగా మార్చారు. కొత్తగా వచ్చినవి 24. ఈజిప్టు కేంద్ర బ్యాంకు విదేశీ అప్పుల నివేదికల్లో అరబ్ దేశాల డిపాజిట్లు విడిగా ఉంటాయి, అక్కడ సరిచూసుకో.