పాడేరు రైతుల దగ్గర నేరుగా కాఫీ కొనాలంటే బేరం ఏ దశ మీద చేయాలి? (కర్నూలు)

కర్నూలు వేపుడు:
కర్నూలులో చిన్న రోస్టింగ్ పెడుతున్నాం. మిషను వాయికి 2 కిలోలు. పాడేరు వైపు కొందరు గిరిజన రైతులు కలిసి ఈ పంటలో 200 కిలోల అరబికా రకం కాఫీ నేరుగా ఇస్తామంటున్నారు. రేటు పండు మీద మాట్లాడాలా, పార్చ్‌మెంటు (తొక్క, జిగురు తీసి ఎండబెట్టిన, పైపొట్టు ఉన్న గింజ) మీదా, పొట్టు తీసిన పచ్చి గింజ మీదా? డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి? మన ఏప్రిల్, మే ఎండలకు సరుకు ఆగస్టు దాకా నిలుస్తుందా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

చింతపల్లి తోట:
పార్చ్‌మెంటు మీద మాట్లాడండి. పండు కోసిన రోజే పల్పర్‌లో (పండు తొక్క తీసే మిషను) పడాలి, కర్నూలు నుంచి అది మీ వల్ల కాదు. పచ్చి గింజ మీదైతే పొట్టు తరుగు, ఏరివేత తరుగు మొత్తం రైతు నెత్తిన పడుతుంది. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ఏటా పార్చ్‌మెంటుకూ ఎండు చెర్రీకీ (తొక్క తీయకుండా ఎండబెట్టిన పండు) వేరువేరు ధర ప్రకటిస్తుంది. మీ బేరం ఆ ధర పైనుంచే మొదలవ్వాలి.

తరుగు సుమారుగా ఇలా ఉంటుందండి: 100 కిలోల పండుకు 20 కిలోల పార్చ్‌మెంటు, పొట్టు తీస్తే 16 కిలోల గింజ. విరిగినవీ నల్లవీ ఏరితే 15, వేపితే మీ చేతికి 13 కిలోలలోపే. అంటే పండుకు కిలోకు రూపాయి పెంచితే వేపిన కిలో మీద పడే భారం 8 రూపాయలు. ఆ రూపాయికి మాత్రం వెనకాడకండి. పండినది ఒక్కటే కోయాలంటే అదే చెట్టు దగ్గరికి నాలుగైదు సార్లు పోవాలి. ఆ కూలి రేటులో లేకపోతే ఎవరైనా కొమ్మ మొత్తం ఒకేసారి దూస్తారు, పచ్చికాయ కలుస్తుంది, కప్పులో వగరు తేలుతుంది.

కూలి ఎప్పటికప్పుడు చేతిలో పెట్టాలి కాబట్టి మూడో వంతు కోతల ముందే ఇవ్వండి. మిగతాది తూకం, తేమ చూసిన రోజే ఇచ్చేయండి. కాగితం మీద తేమ 11 శాతం అని రాసుకోండి. 13 శాతంతో 100 కిలోలు తూగితే 11 శాతం లెక్కకు అది 97.75 కిలోలే. కళ్లం మీద వెచ్చగా ఉన్న గింజను మీటర్‌లో పోస్తే తప్పు చూపిస్తుంది, నీడలో చల్లారనిచ్చి కొలవండి.

పల్పర్ పని:
పై మాటకు తోడు, రైతులతో ముందే ఒప్పుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పండ్లను నీళ్లలో వేసి తేలినవి తీసేయాలి. పల్పర్ సందు పండు సైజుకు సరిచేయకపోతే గింజ నలుగుతుంది, నలిగినచోట పులుపెక్కుతుంది. తొక్క తీశాక గింజకు అంటుకున్న జిగురు పులిసి పోవడానికి గంటలు లెక్కపెట్టి లాభం లేదు. డిసెంబరులో ఏజెన్సీ చలికి 24 గంటల్లో అయ్యేది 36కు పోతుంది. గుప్పెడు గింజలు నీళ్లలో కడిగి అరచేతిలో రుద్దండి. జారిపోతుంటే ఇంకా ఉంచాలి. గులకరాళ్లు రుద్దినట్టు గరగరమంటే అయినట్టే, వెంటనే కడిగేయాలి. ఆలస్యమైతే పుల్లటి వాసన పట్టేస్తుంది, ఏ వేపుడుకూ పోదు.

ఎండబెట్టడం నేల మీద వద్దు, వల పరిచిన బల్లల మీదే. మొదటి రెండు రోజులు పలచగా పరిచి తరచూ తిప్పాలి, మిట్టమధ్యాహ్నం కప్పాలి. గబగబా ఎండితే పార్చ్‌మెంటు పగులుతుంది. రాత్రి మంచుకు తప్పకుండా కప్పాలి, లేకపోతే బూజు. మామూలుగా 8 నుంచి 12 రోజులు పడుతుంది.

అనంతపురం ఫిల్టర్:
నిల్వ గురించి నేను చెబుతానన్నా. మన దగ్గర సమస్య వేడి ఒక్కటే కాదు, గాలిలో తేమ లేకపోవడం కూడా. ఉత్త గోనెసంచిలో ఉంచితే మే నెలకు గింజలో తేమ 9 శాతం కిందికి దిగుతుంది. పచ్చదనం పోయి పాలిపోతుంది, కప్పులో అట్టముక్క, గోనె రుచి. గోనె లోపల గాలి చొరని ప్లాస్టిక్ లైనర్ వేసి మూతి బిగించండి. 30 కిలోల సంచులైతే ఒకటి తెరిచినా మిగతావి భద్రం. పార్చ్‌మెంటుగానే ఉంచి నెలకు సరిపడా పొట్టు తీయించుకుంటే ఇంకా మేలు, కానీ చిన్న హల్లర్ (పొట్టు తీసే మిషను) అందుబాటులో ఉండాలి. డాబా కింది గది పనికిరాదు. ఉత్తరం వైపు గది, నేలకు ఎత్తున చెక్క బల్ల, 25 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది.

ఇంకోటి, కర్నూల్లో ఇది ముఖ్యం: ఉల్లిగడ్డల గోదాములోనో మిరపకాయల బస్తాల పక్కనో దించకండి. కాఫీ గింజ వాసన లాగేస్తుంది. పార్సిల్ లారీలోనూ అంతే, ఏ సరుకుతో కలిపి వేస్తున్నారో అడిగి తెలుసుకోండి.

కర్నూలు వేపుడు:
చాలా సంతోషమన్నా. హల్లర్ ఇక్కడ దొరకదు, అక్కడే పొట్టు తీయించి తెప్పిస్తాం. శాంపిల్ ఎంత అడగాలి?

చింతపల్లి తోట:
అన్ని సంచుల్లోంచీ కొంచెం కొంచెం కలిపి 500 గ్రాములు అడగండి. 350 గ్రాములు తూచి లోపాలు ఏరి లెక్కపెట్టండి, మిగతాది వేపండి. రుచి చూడటానికి కప్పుకు 8.25 గ్రాముల పొడి, 150 మి.లీ. నీళ్లు, ఒకేసారి ఐదు కప్పులు పెట్టండి. ఐదింటిలో ఒక్కటే పులిసినా సరుకులో ఎక్కడో పులిసిన గింజ కలిసినట్టే. అప్పుడు ఏ రైతు సంచో విడదీసి మళ్లీ చూడాలి, అందుకే లారీ ఎక్కేదాకా ఎవరి సంచి వాళ్లదిగానే ఉంచమనండి.