పాడేరు ఘాట్‌కి 21 పీఎస్ సరిపోతుందా, 40 కావాలా?

గాజువాక_బి_షిఫ్ట్:
అందరికీ నమస్తే. మా ఆవిడ పాడేరులో టీచరు. శనివారం డ్యూటీ దిగి గాజువాక నుంచి చోడవరం, వడ్డాది, మాడుగుల మీదుగా నేను వెళ్తాను. సెలవులొస్తే ఇద్దరం కలిసి దిగుతాం, మళ్లీ ఇద్దరం కలిసి ఎక్కుతాం. ఎక్కేటప్పుడే తంటా. ఇప్పుడున్నది 125 సీసీ బండి. ఇద్దరం, ఒక బ్యాగు, పైన మా అత్తగారు కట్టిచ్చిన పచ్చడి సీసాలు. ప్రతి హెయిర్‌పిన్‌లో ఫస్ట్ గేర్‌కి దిగిపోతోంది. ముందు ఆర్టీసీ బస్సు తగిలిందంటే పైదాకా దాని పొగ పీల్చుకుంటూ పోవాల్సిందే.

రెండు బళ్ల దగ్గర ఆగాను. బజాజ్ డామినార్ 400: 8800 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 40 పీఎస్ పవర్, 6500 దగ్గర 35 ఎన్ఎమ్ టార్క్ (తిప్పే బలం). హోండా హైనెస్ సీబీ350: 5500 దగ్గర 21 పీఎస్, 3000 దగ్గర 30 ఎన్ఎమ్. "సగం పవర్ ఉన్న బండికి అంత డబ్బు పోస్తావా బావా" అని మా బావమరిది నవ్వుతున్నాడు. ప్లాంట్‌లో మా ఫోర్‌మన్ గారేమో "ఘాట్‌కి టార్కే చూడాలయ్యా" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ధర సంగతి నేను చూసుకుంటాను, బండి సంగతి చెప్పండి.

రెడ్‌లైన్_హైదరాబాద్:
బ్రో, టార్క్ టార్క్ అని అందరూ భయపెడతారు. నాది ఆర్15 వీ4. 10,000 దగ్గర 18.4 పీఎస్, టార్క్ 14.2 ఎన్ఎమ్, అదీ 7500కి వెళ్తే గానీ రాదు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో సీబీ350ల వెనకాల నేనెప్పుడూ ఇరుక్కోలేదు. గేర్ ఒకటి తగ్గించు, ఆర్‌పీఎం సూదిని పైన ఉంచు, అంతే. గేర్‌బాక్స్ ఉన్నదే టార్క్‌ని పెంచి చక్రానికి ఇవ్వడానికి. ఇంజన్ దగ్గర ఎన్ని ఎన్ఎమ్ అన్నది బ్రోచర్‌కి పనికొస్తుంది. 40 పీఎస్ చేతిలో ఉంటే 21 ఎందుకు తీసుకోవాలి? కళ్లు మూసుకుని డామినార్ తీసుకో.

అనకాపల్లి_వర్క్‌షాప్:
తమ్ముడూ, ఆ రోడ్డు మీద తిరిగే బళ్లే నా షెడ్డుకి ఎక్కువ వస్తాయి, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

గేర్‌బాక్స్ గురించి హైదరాబాద్ తమ్ముడు చెప్పింది నిజమే. చైను దాటి చక్రానికి చేరేదే లెక్క. కానీ ఒంటరిగా ఎక్కేవాడికీ, వెనకాల మనిషినీ సామానునూ పెట్టుకుని ఎక్కేవాడికీ ఒకటే సలహా పనికిరాదు.

ముందు ఆ రెండు ఇంజన్ల లోపలికి చూడు. సీబీ350లో బోరు (సిలిండర్ వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 90.5. డామినార్‌లో బోరు 89, స్ట్రోకు 60. ఒకటి సన్నగా పొడుగు, ఇంకోటి వెడల్పుగా పొట్టి. సీసీకి ఎంత టార్క్ వస్తోందో భాగించి చూస్తే రెండూ ఇంచుమించు పక్కపక్కనే ఉంటాయి: లీటరుకి హోండా 86 ఎన్ఎమ్, డామినార్ 94. మరి పవర్‌లో అంత తేడా ఎక్కడిది? పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించిందే. ఎన్ఎమ్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7022తో భాగిస్తే పీఎస్ వస్తుంది. డామినార్ 8800 దగ్గర కూడా దాదాపు 32 ఎన్ఎమ్ నిలబెట్టుకుంటుంది, అందుకే 40. నాలుగు వాల్వులు, వాటిని తెరిచే క్యామ్‌షాఫ్టులు పైన రెండు, అంత వేగంలోనూ ఊపిరి ఆడుతుంది. హోండాని అక్కడిదాకా తిప్పలేం. 90 మిల్లీమీటర్ల స్ట్రోకుతో 5500 దగ్గరే పిస్టన్ సగటున సెకనుకి 16.6 మీటర్లు పరిగెడుతోంది. డామినార్ పిస్టన్ ఆ వేగం అందుకోవాలంటే 8300 తిరగాలి.

ఇప్పుడు ఘాట్ లెక్క. బండి, మీరిద్దరూ, సామాను కలిపి 340 కిలోలు అనుకో. వంద మీటర్లకి ఏడు మీటర్లు లేచే ఎక్కుడు మీద 40 స్పీడులో స్థిరంగా పోవడానికి కావలసింది, గాలీ టైర్ల రాపిడీ కలుపుకుని, చక్రం దగ్గర సుమారు 5 పీఎస్. నమ్మవు గానీ అంతే. మరి నీ 125కి అది కూడా లేదా అంటే, ఉంది. కానీ ఎక్కువ ఆర్‌పీఎంలో ఉంది. హెయిర్‌పిన్‌లోంచి 20 స్పీడులో బయటికొచ్చేసరికి ఇంజన్ కిందికి పడిపోతుంది, అక్కడ దాని చేతిలో ఏమీ మిగలదు. అందుకే ఫస్ట్ గేర్ అడుగుతోంది. హోండాకి 3000 దగ్గరే 30 ఎన్ఎమ్, అంటే 12.8 పీఎస్. ఎక్కడానికి పోగా మిగిలిందంతా బస్సు దాటడానికే. కుడిచెయ్యి తిప్పితే చాలు, ఎడమకాలికి పని లేదు.

డామినార్ ఎక్కలేదని కాదు. సూదిని 5000 పైన ఉంచితే హోండా వెనకాలే ఉండిపోతుంది. కానీ ప్రతి మలుపులో గేరు దించాలి, మళ్లీ ఎక్కించాలి. దించిన ప్రతిసారీ వెనక కూర్చున్న ఆవిడ హెల్మెట్ వచ్చి నీ హెల్మెట్‌కి టక్కున తగులుతుంది. మాడుగుల దాటిన కాసేపటికే మీ ఇద్దరికీ మాటలుండవు. పోనీ గేరు దించకుండా బద్ధకంగా లాగిద్దామనుకుంటే, ఆ జాతి పొట్టి స్ట్రోకు, ఒకే సిలిండర్ ఇంజన్ 3000 కింద దడదడలాడుతుంది, చైను కొట్టుకుంటుంది. అలా నడిపిన బళ్ల వెనక చక్రం హబ్ విప్పితే, చైను కుదుపుని తట్టుకునే కప్లింగ్ రబ్బర్లు పొడిపొడిగా రాలిపడతాయి. నా షెడ్డులో ఒక డబ్బా నిండా ఉన్నాయి అలాంటివి.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. కింద మెత్తగా నడిచే ప్రతి బండికీ టార్క్ ఎక్కువని కాదు. ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం, అదే ఫ్లైవీల్, బరువైనది పెడితే ఆగిపోకుండా గుడ్‌గుడ్‌మని పోతుంది, అంతవరకే. లాగుడు వేరు, ఆగకపోవడం వేరు.

గుంటూరు_హైవే_అక్క:
వర్క్‌షాప్ అన్నయ్య ఘాట్ ఒక్కటే చూశారు, హైవే వదిలేశారు. నేను డామినార్ మీద గుంటూరు నుంచి వైజాగ్ వస్తుంటాను, 16వ నంబర్ హైవే అంతా. అన్నయ్య పద్ధతిలోనే లెక్కేస్తే, వెనకాల మనిషితో 110 స్పీడులో గాలిని తోసుకుంటూ పోవడానికే 15, 16 పీఎస్ అయిపోతాయి. 21 ఉన్నవాడి దగ్గర ఇక మిగిలేదెంత? ఏలూరు దగ్గర రెండు కంటెయినర్లు పక్కపక్కన పోతుంటే, సందు దొరికినప్పుడు గబుక్కున దాటాలి. అక్కడ ఎక్కువ ఆర్‌పీఎంలో వచ్చే ఆ 40 ఉపయోగపడుతుంది. స్పీడు రెట్టింపైతే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల పవర్ కావాలి. మధ్య ఆర్‌పీఎంలో లాగుడు (మిడ్‌రేంజ్) అంటూ సీబీ350 తీసుకుని హైవే మీద విసుగెత్తి అమ్మేసినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు.

అయితే గాజువాక తమ్ముడి దారి అది కాదు. సబ్బవరం, చోడవరం రోడ్డు మీద 110 ఎవరు పోతారు? గేదెలుంటాయి.

గాజువాక_బి_షిఫ్ట్:
అందరికీ థాంక్స్. అక్క చెప్పినట్టు కిందంతా 50, 60 మించి పోను, పైన ఘాట్. హైవే అంటే ఏడాదికోసారి అన్నవరం, అంతే. ఇంకో సందేహం. మా బావమరిది ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నాడు: డామినార్ కొని ముందు స్ప్రాకెట్‌కి (చైను తిప్పే పళ్లచక్రం) ఒక పన్ను తగ్గించుకుంటే పవరూ, ఘాట్‌లో లాగుడూ రెండూ కలిసొస్తాయట. నిజమేనా? షోరూమ్‌లో టెస్ట్ రైడ్‌కి వెళ్తే ఏం చూడాలి?

అనకాపల్లి_వర్క్‌షాప్:
పదిహేను పళ్లది తీసి పద్నాలుగుది వేస్తే ప్రతి గేర్‌లోనూ లాగుడు ఏడు శాతం పెరుగుతుంది. అదే స్పీడుకి ఇంజన్ ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలు ఇంకాస్త తాగుతుంది. మలుపులో కొంచెం ఊరట, అంతకుమించి ఏం లేదు. ఇంజన్ స్వభావం మారదు. దాని బదులు గేరు దించడం నేర్చుకోమను మీ బావమరిదిని, ఖర్చు లేదు.

టెస్ట్ రైడ్‌కి ఒక్కడివే వెళ్లకు. మీ ఆవిడని కూర్చోబెట్టుకుని వెళ్లు. షోరూమ్ ముందు చదును రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుడు అడుగు. మూడో గేర్‌లో 30కి దించి, క్లచ్ ముట్టుకోకుండా థ్రాటిల్ సగం తిప్పు. అదే చోట, అదే గేర్‌లో, రెండో బండితోనూ చెయ్యి. దిగాక ముందు నువ్వు మాట్లాడకు, ఏది బావుందో ఆవిడని చెప్పనివ్వు. సేల్స్ కుర్రాడు ఇద్దరితో కుదరదంటే ఇంకో షోరూమ్‌కి వెళ్లు.

పచ్చడి సీసాలకి మాత్రం సైడు బ్యాగులు వేయించుకో. మధ్యలో పెట్టుకుంటే ఏ బండైనా ఒకటే.